సగం జీతం మీద బతికిన సమీక్షకుడు: స్టెంధాల్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక పెద్దమనిషి జీవిత చరిత్ర వ్రాసి ఇవ్వమని సంపాదకులు నన్ను అడిగారు. ఆయన మాటలూ ఈయన మాటలూ ఎత్తి వ్రాయకుండా, అరుగు మీద కూర్చుని చెప్పినట్టు చెప్పమని కూడా అన్నారు. గత సంచికల్లో మిత్రులు గాంధీగారి గురించి, విశ్వేశ్వరయ్యగారి గురించి, కందుకూరి వారి గురించి చక్కగా వ్రాశారు. నేను వ్రాయబోయే మనిషి ఆ కోవకు చెందినవాడు కాదు. అప్పులు చేశాడు. ఇంకొకరి పుస్తకాన్ని తనదిగా అచ్చు వేయించుకున్నాడు. చివరి ఉద్యోగంలో దాదాపు సగం కాలం డ్యూటీ స్థలంలోనే లేడు. అయినా ఆయన మనలో ఒకడని నాకెప్పుడూ అనిపిస్తుంది. సర్కారు కొలువు చేశాడు, ప్రభుత్వం మారగానే కొలువు పోగొట్టుకున్నాడు, సగం జీతం మీద ఏళ్ల తరబడి బతికాడు. అది చాలక పుస్తకాలకూ, సంగీత నాటకాలకూ, చిత్రలేఖనాలకూ సమీక్షలు వ్రాశాడు. పుట్టింది ఫ్రాన్సులో, ప్రాణం మాత్రం ఇటలీలో. ప్రపంచం ఆయనను స్టెంధాల్ అంటుంది. సర్వీసు రిజిస్టరులో పేరు మారీ హెన్రీ బేల్.

ముందు నా సంగతి నాలుగు మాటలు చెప్పుకోవాలి, లేకపోతే ఈ మనిషి నాకెందుకు తగిలాడో మీకు తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు సినిమాల పిచ్చి, పుస్తకాల పిచ్చి సమానంగా ఉండేవి. ఫిలిం సొసైటీ వాళ్లు వేసిన ‘బైసికిల్ థీవ్స్’ చూసి వారం రోజులు సరిగా నిద్రపోలేదు. అప్పటి నుండి ఇటలీ వాళ్ల సినిమా ఏది వచ్చినా వెళ్లి, ఒక వారపత్రికకు సమీక్ష వ్రాసి పంపేవాణ్ణి. సర్వీసు రూల్సు భయంతో మా ఆవిడ పేరు పెట్టేవాణ్ణి. ఎవరో ఆకాశరామన్న ఉత్తరం వ్రాశారు. మెమో వచ్చింది. వివరణ ఇచ్చుకుంటే ఏమీ కాలేదు గాని, నేనే జడిసి మానేశాను. మళ్లీ కలం పట్టింది రిటైరయ్యాకనే. మధ్యలో పోయినవి ముప్పై రెండేళ్లు. అబిడ్సులో ఆదివారం ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిన ‘ఎరుపు నలుపు’ ఇంగ్లీషు అనువాదం ఒకటి దొరికింది. ముందుమాటలో ఆ రచయిత వందకు పైగా మారుపేర్లతో వ్రాశాడని చదివి నడివీధిలో నిలబడిపోయాను. నేను ఒక్క పేరుతోనే హడలిపోయిన వాణ్ణి మరి.

బేల్ 1783 జనవరి 23న ఫ్రాన్సులోని గ్రెనోబుల్ పట్టణంలో పుట్టాడు. ఆల్ప్స్ కొండల అంచున ఉన్న ఊరు. తండ్రి షెరూబాఁ బేల్ న్యాయవాది. తాత డాక్టర్ గాన్యోఁ ఊళ్లో పేరున్న వైద్యుడు, మంచి చదువరి. తల్లి 1790లో పురిటిలో పోయింది. అప్పటికి కుర్రవాడికి ఏడేళ్లు. ఆమె గదికి తండ్రి తాళం వేసి పదేళ్లు అలాగే ఉంచాడట. ఆ తాళం పడిన గది ఆయన మనసులో జీవితమంతా ఉండిపోయిందనుకుంటాను. తండ్రి మీద, పెంచిన పిన్ని మీద చచ్చేదాకా కోపం పోలేదు. తల్లి మీద ప్రేమ మాత్రం ఒక దేశం మీద ప్రేమగా మారింది. తల్లి వైపు వంశం ఇటలీ నుంచి వచ్చిందని ఆయన నమ్మకం. ఆమె దాంతే కావ్యాన్ని ఇటాలియన్ భాషలోనే చదువుకునేదని ముసలితనంలో కూడా తలుచుకున్నాడు. వంశం మాట నిజమో కాదో ఆయనకు అక్కరలేదు. తన మంచి అంతా ఆ వైపు నుంచే వచ్చిందని తీర్మానించుకున్నాడు.

లెక్కల్లో గట్టివాడు. ఆ లెక్కలే తనను గ్రెనోబుల్ నుంచి బయట పడేస్తాయని కష్టపడి చదివాడు. బహుమతి తెచ్చుకుని, 1799లో పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకని పారిస్ వెళ్లాడు. చేరేసరికి నెపోలియన్ అధికారం చేజిక్కించుకుని ఒక్క రోజయింది. పరీక్ష మాత్రం వ్రాయలేదు. జబ్బుపడ్డాడు, దిగులుపడ్డాడు. చివరకు దూరపు చుట్టాలైన దారు కుటుంబం చేరదీసి, యుద్ధ మంత్రిత్వ శాఖలో గుమాస్తా పని ఇప్పించింది. పియేర్ దారు అక్కడ పెద్ద అధికారి. మొదటి రోజు కుర్రవాడి చేత ఒక ఉత్తరం వ్రాయించాడు. ఫ్రెంచిలో అతి మామూలు మాట ఒకదానికి ఒక ‘ఎల్’ వ్రాయవలసిన చోట ఈయన రెండు వ్రాశాడు. ఊళ్లో సాహిత్య బహుమతులన్నీ గెలిచినవాడు వీడేనా అని దారు ఆశ్చర్యపోయాడు. ఆ అవమానం బేల్ ముప్పై అయిదేళ్ల తరువాత కూడా మరిచిపోలేదు. నా మొదటి డ్రాఫ్టు మీద మా సూపరింటెండెంటుగారు గీసిన ఎర్రసిరా గీతలు నేనూ మరిచిపోలేదు. మీలో చాలామందికి అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది.

1800 మే నెలలో, పదిహేడేళ్ల వయసులో, నెపోలియన్ సైన్యం వెనుక గుర్రమెక్కి ఆల్ప్స్ దాటాడు. సరిగ్గా స్వారీ కూడా రాదు. అవతల వైపు దిగి, ఇవ్రేయా అనే చిన్న ఊళ్లో ఆ రాత్రి నాటకశాలకు వెళ్లాడు. చిమరోసా కూర్చిన ‘రహస్య వివాహం’ ఆడుతున్నారు. నాయిక వేషం వేసిన ఆమెకు ముందు పన్ను ఒకటి లేదు. ఆమె పాడుతుంటే ఈ కుర్రవాడికి ఇక ఇటలీలోనే బతకాలి, సంగీతం వింటూనే బతకాలి అనిపించింది. ఈ ముందు పన్ను సంగతి నాకు చాలా ఇష్టం. గొప్ప గాయని, గొప్ప రంగశాల ఉంటే ఎవరికైనా ఆనందం కలుగుతుంది. ముఫసిల్ నాటక కంపెనీలో పన్ను లేని పాత్రధారిణి పాటకు కరిగిపోయిన వాడే అసలు సమీక్షకుడు. సురభి వారి పాత డేరాల్లో కూర్చున్న మన వాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

తరువాత మిలాన్ చేరాడు. వెళ్లగానే రొట్టెపొడి అద్ది వేయించిన మాంసం ముక్కలు పెట్టారట. ఆ వంటకం ఎక్కడ కనపడినా ఏళ్ల తరబడి మిలానే గుర్తుకొచ్చేదట. అక్కడ అశ్వికదళంలో చిన్న ఉద్యోగం దొరికింది. రెండేళ్లలో విసుగెత్తి రాజీనామా చేశాడు. నాటకాలు వ్రాద్దామని పారిస్ చేరి ఏమీ వ్రాయలేక, 1806లో మళ్లీ దారు కాళ్లు పట్టుకుని సైన్యపు సరఫరాల శాఖలో చేరాడు. ఇక్కడి నుంచి ఎనిమిదేళ్లు గట్టి ఉద్యోగి. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్, ఆస్ట్రియాలో వియన్నా. 1810లో రాజ్యమండలిలో ఆడిటరయ్యాడు. చక్రవర్తిగారి భవనాల సామాన్లకు ఇన్‌స్పెక్టరుగా కూడా వేశారు. నెపోలియన్ మ్యూజియంలోని బొమ్మల జాబితాల పని కూడా ఆయన చేతిలోకి వచ్చింది. స్టాకు రిజిస్టరు వ్రాస్తూ వ్రాస్తూనే ఇటలీ చిత్రకారుల మీద పుస్తకం మొదలుపెట్టాడు.

1812లో రష్యా యుద్ధానికి వెళ్లాడు. మాస్కో తగలబడుతుండగా చూశాడు. వెనక్కి వచ్చేటప్పుడు సైన్యానికి తిండిగింజలు సమకూర్చే పని ఆయనది. మంచులో మనుషులు రాలిపోతున్న ఆ ప్రయాణంలో కూడా రోజూ గడ్డం గీసుకునే దారు ముందు హాజరయ్యేవాడని చెప్పుకుంటారు. చిత్రకారుల పుస్తకం వ్రాతప్రతి ఆ మంచులోనే పోయింది. తిరిగి వచ్చి మొదటి నుంచీ వ్రాశాడు.

1814లో నెపోలియన్ పడిపోయాడు. ఒక్క దెబ్బతో బేల్ ఉద్యోగం, గుర్రబ్బండి, హోదా అన్నీ పోయాయి. వయసు 31. పోస్టింగు లేని అధికారులకు ఇచ్చే సగం జీతం, ఏడాదికి 900 ఫ్రాంకులు, మిగిలింది. కొత్త ప్రభుత్వపు గుమ్మాల్లో కొన్నాళ్లు నిలబడి చూశాడు. ఫలితం కనపడకపోయేసరికి, పారిస్‌లో పేదగా బతకడం కన్నా మిలాన్‌లో పేదగా బతకడం నయమని లెక్క వేసుకుని వెళ్లిపోయాడు. ఏడేళ్లు అక్కడే ఉన్నాడు.

అక్కడ ఆయన సాయంత్రాలన్నీ లా స్కాలా నాటకశాలలో గడిచేవి. మనం అనుకునేట్టు జనం నోరు మూసుకుని వినే చోటు కాదది. చుట్టూ అంతస్తులు అంతస్తులుగా పెట్టెల వంటి గదులు. ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్కటి. అక్కడే కబుర్లు, ఐసుక్రీములు, పేకాట. మంచి పాట వచ్చినప్పుడు మాత్రం నిశ్శబ్దం. మన పద్యనాటకాల్లో వచనం నడిచేటప్పుడు వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఉండి, పద్యం ఎత్తుకోగానే ఊపిరి బిగబట్టి, అయ్యాక వన్స్‌మోర్ అనేవారు చూడండి, అదే పద్ధతి. లుదొవీకో ది బ్రేమే అనే పెద్దమనిషి గదిలో 1816లో ఇంగ్లీషు కవి బైరన్‌ను కలిశాడు. ఆ ఏడే ఎడిన్‌బరో నుంచి వచ్చే ‘ఎడిన్‌బరో రివ్యూ’ అనే సమీక్షా పత్రిక చేతికి చిక్కింది. ఒక పుస్తకాన్ని పట్టుకుని దేశాన్నీ కాలాన్నీ కడిగిపారేసే ఆ సమీక్షలు చూసి మైమరచిపోయాడు.

ఆయన తప్పు కూడా చెప్పాలి. 1815లో వేసిన మొదటి పుస్తకం హైడెన్, మోజార్ట్, మెతస్తాసియోల జీవితాలు. బోంబే అనే దొంగపేరుతో వేశాడు. హైడెన్ భాగమంతా జ్యుసెప్పే కార్పానీ అనే ఇటలీ రచయిత పుస్తకం నుంచి ఎత్తేసింది. కార్పానీ పత్రికల్లో మొత్తుకున్నాడు. బేల్ సిగ్గుపడకపోగా, దొంగపేరుతోనే ఎదురు జవాబులు వ్రాశాడు. కార్పానీకి జరిగింది అన్యాయమే. మారుపేరు పెట్టుకోవడం వేరు, పరాయి సొత్తు పెట్టుకోవడం వేరు.

1817లో రెండు పుస్తకాలు వచ్చాయి. ఒకటి రష్యా మంచులో పోయి మళ్లీ వ్రాసిన ఇటలీ చిత్రలేఖన చరిత్ర. రెండవది రోమ్, నేపుల్స్, ఫ్లారెన్స్ యాత్ర. ఈ రెండవ దాని మీదే మొదటిసారి స్టెంధాల్ అన్న పేరు కనపడింది. పాత శిల్పాల మీద పెద్ద పండితుడైన వింకెల్‌మాన్ పుట్టిన జర్మన్ ఊరు స్టెందాల్ నుంచి ఆ పేరు తీసుకున్నాడని అంటారు. ఈ యాత్రలోనే ఫ్లారెన్సులో సాంతా క్రోచే చర్చిలో గోడల మీది బొమ్మలు చూసి, గుండె దడదడలాడి, నడిస్తే పడిపోతానేమోనని భయపడ్డ సంగతి వ్రాశాడు. 1979లో అదే ఊళ్లో మానసిక వైద్యురాలు గ్రాజియెల్లా మాగెరీనీ, కళాఖండాలు చూసి కళ్లు తిరిగి ఆస్పత్రికి వచ్చే యాత్రికుల స్థితికి స్టెంధాల్ పేరు పెట్టింది. పుస్తకాలతో రాని పేరు కొందరికి జబ్బుతో వస్తుంది.

మిలాన్‌లోనే మెతిల్డ్ దెంబోవ్‌స్కీ అనే ఆమె మీద మనసు పడ్డాడు. ఆమె పక్షానికి ఒక్కసారి కంటే రావద్దని చెప్పింది. పక్షానికి ఒకసారే వెళ్లాడు. 1819లో తండ్రి పోయాడు. ఆస్తి వస్తుందని ఎదురుచూసిన వాడికి, తండ్రి మెరీనో గొర్రెల పెంపకంలోనూ కట్టడాల్లోనూ పోగొట్టుకోగా మిగిలిన అప్పుల లెక్క వచ్చింది. మిలాన్‌ను ఏలుతున్న ఆస్ట్రియా పోలీసులు ఈయన విప్లవకారుల మనిషని అనుమానించారు. 1821 జూన్‌లో కన్నీళ్లతో మిలాన్ విడిచాడు. మెతిల్డ్‌ను మరవలేక ప్రేమ మీద ఒక పుస్తకం వ్రాసి 1822లో అచ్చు వేశాడు. కొన్నవాళ్లు చాలా కొద్దిమంది.

ఇక ఇక్కడి నుంచే నాకు అసలైన స్టెంధాల్. పారిస్‌లో అద్దె గది, 900 ఫ్రాంకుల సగం జీతం. అది చాలక లండన్ పత్రికలకు సమీక్షలు వ్రాయడానికి ఒప్పుకున్నాడు. 1822 నుంచి ‘న్యూ మంత్లీ మ్యాగజీన్’, తరువాత ‘లండన్ మ్యాగజీన్’, ‘అథీనియం’. పారిస్‌లో కొత్తగా వచ్చిన పుస్తకాలు, నాటకాలు, వాటి వెనకాల సంగతులు ఫ్రెంచిలో వ్రాస్తే, ఒక ఐరిష్ మిత్రుడు ఇంగ్లీషు చేయించేవాడు. కింద పేరు ఉండదు. పేరు లేకపోవడం వల్ల ఎంత స్వేచ్ఛ వచ్చిందంటే, పారిస్‌లో ఎవరూ అనలేని మాటలు లండన్‌లో అచ్చయ్యేవి. షతోబ్రియాఁ వంటి దిగ్గజాల ఆడంబర వచనాన్ని గుండు సున్నా చేసి చూపించాడు. ఒక్కోసారి కొత్త విషయం దొరక్క తన పాత పుస్తకంలోని పేజీలే తిరగవ్రాసి పంపాడు. ప్రచురణకర్త కోల్‌బర్న్ డబ్బు ఆలస్యంగా పంపేవాడు. ఫ్రెంచి మూలాలు చాలావరకు పోయాయి. వంద ఏళ్ల తరువాత, 1930లలో, హెన్రీ మార్తినో అనే ఆయన శిష్యప్రాయుడు ఆ ఇంగ్లీషు వ్యాసాలన్నీ ఏరి తిరిగి ఫ్రెంచిలోకి తెచ్చి అయిదు సంపుటాలుగా వేశాడు. ఫ్రెంచివాడి సమీక్షలను ఫ్రెంచివాళ్లు ఇంగ్లీషు నుంచి అనువదించుకోవలసి వచ్చింది.

ఇటలీకి వెళ్లే వీలు లేకపోతే ఇటలీని పారిస్‌లోనే వెతుక్కున్నాడు. ‘జుర్నాల్ ద పారీ’ పత్రికకు 1824 నుంచి 1827 వరకు ఇటాలియన్ నాటకశాల సంగీతం మీద సమీక్షలు వ్రాశాడు. కింద ఒక్క ‘ఎం’ అక్షరం. ఆ రోజుల్లో పారిస్‌ను ఊపేస్తున్న గాయని జ్యుదిత్తా పాస్తా. ఆమె బస చేసిన రిషెల్యూ వీధి హోటల్లోనే ఈయనా ఒక గది తీసుకున్నాడు. ప్రతి రాత్రి ఆమె గదికి మిలాన్ వాళ్లు చేరేవారు. తెల్లవారుజాము దాకా ఆ యాసలో కబుర్లు వింటూ మూల కూర్చునేవాడు. గాయని ఉండే ఇంట్లోనే ఉండి ఆమె పాటకు సమీక్ష వ్రాయవచ్చునా? నన్నడిగితే వ్రాయకూడదు. కాని ఆ గదిలో కూర్చునే కదా, ‘రోస్సీని జీవితం’ చాలా భాగం వ్రాశాడు. అప్పటికి రోస్సీనికి 31 ఏళ్లు. తేదీలు తప్పు, సంఘటనలు తప్పు. కాని ఒక పాట వింటుంటే లోపల ఏం జరుగుతుందో ఇంత బాగా చెప్పిన పుస్తకం నేను వేరే చదవలేదు. 1824 చిత్ర ప్రదర్శన మీద వ్రాసిన వ్యాసాల్లో, ఇంగ్లీషువాడు కాన్‌స్టబుల్ వేసిన పల్లె దృశ్యాల్లోని సత్యాన్ని గుర్తించాడు. అదే ప్రదర్శనలో దెలక్రువా వేసిన ‘కియోస్ ఊచకోత’ మాత్రం ఆయనకు నచ్చలేదు. ఇప్పుడది లూవ్రులో ఉంది. సమీక్షకుడన్నాక ఇటువంటివి రెండు మూడు మూట కట్టుకోక తప్పదు.

1827 చివరి రోజున ఆశ చంపుకోలేక మిలాన్ వెళ్లాడు. కొత్త సంవత్సరం నాడే పోలీసులు వెళ్లగొట్టారు. లండన్ పత్రికల రాబడి తగ్గిపోయింది, సగం జీతం మరింత కోసుకుపోయింది. 1828లో ఆయన వరసగా వీలునామాలు వ్రాశాడు. చావాలనుకునే మనిషి వ్రాసే వీలునామాలు అవి. వయసు 45. చేతిలో ఉన్నది మొదటి నవల ‘ఆర్మాన్స్’. ఎవరూ పట్టించుకోలేదు. బంధువు రొమాఁ కొలోంబ్ సాయంతో రోమ్ నగరం మీద ఒక పెద్ద యాత్రా గ్రంథం తయారు చేసి 1829లో అమ్మాడు. అదైనా కాస్త నిలబెట్టింది.

సమీక్షలు వ్రాసేవాడికి పత్రికలు తిరగేయడం అలవాటు కదా. కోర్టు వార్తలు వేసే ‘గెజెట్ దే త్రిబ్యునో’ పత్రికలో, తన సొంత జిల్లాలో జరిగిన ఒక కేసు చదివాడు. బెర్తే అనే పేద కమ్మరివాడి కొడుకు, పిల్లలకు చదువు చెప్పడానికి వెళ్లిన ఇంటి యజమానురాలిని చర్చిలో పిస్తోలుతో కాల్చాడు. 1828లో తల తీశారు. ఆ చిన్న వార్తలోంచి వచ్చింది ‘ఎరుపు నలుపు’. 1830 నవంబరులో వచ్చింది, మొదట అచ్చయినవి 750 ప్రతులు. పేదింట పుట్టిన తెలివైన కుర్రవాడికి సమాజంలో పైకి వెళ్లే దారులన్నీ మూసుకుపోతే లోపల ఏమవుతుందో దానిలో ఉంది. రెండేళ్ల తరువాత ఒక తమాషా జరిగింది. ఫ్లారెన్సులోని ‘అంతొలోజియా’ పత్రిక కోసం సాల్వాన్యోలీ అనే మిత్రుడు ఆ నవల మీద వ్రాస్తానంటే, స్టెంధాల్ తన పుస్తకానికి తనే పెద్ద సమీక్ష వ్రాసి పంపించాడు. అది ఆ పత్రికలో రాలేదు. నేను చదివాను. బాగానే మెచ్చుకున్నాడు.

1830 విప్లవంతో రోజులు మారాయి. మళ్లీ ఉద్యోగం వచ్చింది, ట్రియెస్టెలో కాన్సల్, ఏడాదికి 15,000 ఫ్రాంకులు. ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ ఆయన పాత ఫైలు తీయించి ఒప్పుకోలేదు. 1831లో పోప్ రాజ్యంలోని చివితావెక్కియా రేవుకు మార్చారు. జీతం 10,000. చిన్న ఊరు, మాట్లాడటానికి మనిషి లేడు, వచ్చిపోయే ఓడల లెక్కలు, పాస్‌పోర్టులు, క్వారంటీన్ కాగితాలు. కోరుకున్న ఇటలీయే దక్కింది, కాని లా స్కాలా లేని ఇటలీ. కింది ఉద్యోగి లిసిమాక్ తవెర్నియేతో పడదు. కాన్సల్‌గారు ఊళ్లో ఉండటం లేదని అతను పై వాళ్లకు చేరవేసేవాడు. నిజమే, వీలైనప్పుడల్లా రోమ్‌కు పోయేవాడు. ఊళ్లో ఉన్న ఒక్క స్నేహితుడు పాత వస్తువుల వ్యాపారి దొనాతో బుచ్చి. పేరు వింటే మన గోదావరి జిల్లా మనిషిలా ఉంటుంది. ఇద్దరూ కలిసి ప్రాచీన ఎట్రుస్కన్ సమాధులు తవ్వించేవారు. 1833లో రోమ్‌లోని పాత కుటుంబాల వ్రాతప్రతులు దొరికాయి. హత్యలు, ప్రేమలు, విచారణలు నిండిన ఆ కథలను డబ్బిచ్చి నకళ్లు వ్రాయించుకున్నాడు.

ఈ పదేళ్లూ ఆయన వ్రాసినవి ఎక్కువగా పెట్టెలోనే ఉండిపోయాయి. కొలువిచ్చిన ప్రభుత్వాన్నే ఎగతాళి చేసే ‘లూసియెఁ లూవెన్’ నవల వందల పేజీలు వ్రాసి ఆపేశాడు. ఉద్యోగంలో ఉండగా అచ్చు వేయడం కుదరదని తెలుసు. తన బాల్యం కథ కూడా అలాగే ఆగింది. నేను మెమోకు జడిసి కలం మూసేశాను. ఆయన అచ్చు మానేశాడు గాని వ్రాయడం మానలేదు. ఈ తేడా గురించి నేను చాలా రాత్రులు ఆలోచించాను. 1835లో ప్రభుత్వం గౌరవ పతకం ఇచ్చింది. ఇచ్చింది రచయితగా. ఆయనకు మాత్రం ఉద్యోగిగా ఇస్తే బాగుండుననిపించింది. మనుషులు ఇలాగే ఉంటారు కాబోలు.

1836లో మూడు నెలల సెలవు మీద పారిస్ వెళ్లాడు. విదేశాంగం చూస్తున్న మోలే ప్రభువు దయ వల్ల ఆ సెలవు మూడేళ్లు సాగింది. అటువంటి సెలవు మన సర్వీసులో నేనెక్కడా చూడలేదు. ఆ సెలవులోనే, తెచ్చుకున్న నకళ్లలో ఫార్నేసే వంశం కథ ఒకటి చదివి, దీన్ని చిన్న నవల చేయవచ్చునని 1838 ఆగస్టులో మార్జినులో వ్రాసుకున్నాడు. నవంబరు 4న గదిలో కూర్చుని ఒక వ్రాయసగాడికి చెప్పడం మొదలుపెట్టాడు. డిసెంబరు 26న పూర్తయింది. రెండు తేదీలూ కలుపుకుంటే 53 రోజులు. అదే ‘పార్మా మఠం’, 1839లో వచ్చింది. అప్పటికి ఆయన వయసు 56. ఇటలీ మీద నలభై ఏళ్ల ప్రేమ అంతా అందులో ఉంది. వాటర్లూ యుద్ధంలో తిరిగి కూడా తాను చూసింది యుద్ధమో కాదో తెలియని కుర్రవాడు, మేనల్లుడిని కాపాడటానికి రాజదర్బారునే ఆడించే అత్త, జైలు బురుజు కిటికీలోంచి మొదలయ్యే ప్రేమ. శైలి తిన్నగా ఉండటానికి రోజూ ఉదయం సివిల్ కోడ్ రెండు మూడు పేజీలు చదివేవాడట. జీ.వోలు చదివి శైలి నేర్చుకోవచ్చునని నాకు ఎవరూ చెప్పలేదు.

సినిమావాళ్లకు ఈయన బాగా నచ్చాడు. ‘పార్మా మఠం’ 1948లో, ‘ఎరుపు నలుపు’ 1954లో సినిమాలయ్యాయి. రెండింటిలోనూ నాయకుడు జెరార్ ఫిలిప్. ‘ఎరుపు నలుపు’ నేను ఫిలిం సొసైటీలో చూశాను. కోటు, జుట్టు బాగున్నాయి గాని నవలలోని లోపలి మంట తెర మీదికి రాలేదు. మన దేశం మీద కూడా సినిమా తీసిన రోస్సెల్లీనీ, 1961లో స్టెంధాల్ ఇటలీ కథ ‘వానీనా వానీని’ తీశాడు. బెర్తొలూచీ 1964లో తీసిన ‘విప్లవానికి ముందు’ కథ పార్మాలోనే నడుస్తుంది, పాత్రల పేర్లు ఫాబ్రీజియో, జీనా అనే ఉంటాయి. ఈ మధ్య మనవడు ఫోనులో పెట్టిస్తే చూశాను. కళ్లు లాగినా చివరిదాకా చూశాను.

మోలే పదవి పోగానే సెలవూ పోయింది. 1839లో మళ్లీ చివితావెక్కియా. మరుసటి ఏడు శరదృతువులో అక్కడికి పారిస్ నుంచి ఒక పత్రిక వచ్చింది. బాల్జాక్ సొంతంగా నడిపే ‘రెవ్యూ పారిజియెన్’. అందులో ‘పార్మా మఠం’ మీద డెబ్బై పేజీల దాకా సమీక్ష. ఆ రోజుల్లో ఫ్రాన్సులో అందరికంటే పెద్ద నవలాకారుడు, ఎవరికీ తెలియని ఒక రేవు కాన్సల్ పుస్తకాన్ని ఆకాశానికెత్తాడు. ఏళ్ల తరబడి ఊరూ పేరూ లేకుండా ఇతరుల పుస్తకాలకు సమీక్షలు వ్రాసిన మనిషికి, చివరకు ఒక సమీక్ష వచ్చింది. జవాబు వ్రాయడానికి మూడు చిత్తుప్రతులు చేశాడు. బాల్జాక్ చెప్పిన లోపాలు సరిచేద్దామని పుస్తకంలో తెల్ల కాగితాలు కుట్టించి దిద్దడం మొదలుపెట్టాడు. కొంత దిద్దాక, తన పద్ధతే తనకు నయమని వదిలేశాడు. మంచి పని చేశాడు.

1841 మార్చిలో పక్షవాతపు పోటు వచ్చింది. మామూలు మాటలు కూడా గుర్తుకు రాకుండా పోయేవి. వైద్య సెలవు మీద పారిస్ చేరాడు. 1842 మార్చి 22 సాయంత్రం, విదేశాంగ మంత్రిత్వ శాఖ దగ్గర వీధిలో కుప్పకూలాడు. తెల్లవారకముందే, రెండు గంటలకు, పోయాడు. మెరిమే లెక్క ప్రకారం శ్మశానానికి వెళ్లినవారు ముగ్గురు.

తనను 1880 ప్రాంతంలో చదువుతారని ఆయన అంటూ ఉండేవాడు. పెట్టెలో ఉన్న డైరీ 1888లో, బాల్యం కథ 1890లో, ‘లూసియెఁ లూవెన్’ 1894లో అచ్చయ్యాయి. ఆడిటరు కదా, అంచనా పెద్దగా తప్పలేదు.

సమాధి పారిస్‌లో మోఁమార్త్ర శ్మశానంలో ఉంది. రాతి మీద చెక్కింది ఫ్రెంచి కాదు, ఇటాలియన్. అర్రీగో బేల్, మిలాన్ వాడు అని ఉంటుంది. గ్రెనోబుల్ మాట లేదు, ఉద్యోగాల మాట లేదు. బతికాడు, వ్రాశాడు, ప్రేమించాడు అనే మూడు క్రియలు ఆ వరుసలో ఉండాలని ఆయన కోరిక. చెక్కించిన కొలోంబ్ వ్రాయడాన్ని మొదటికి తెచ్చి, బతకడాన్ని చివరికి జరిపాడు. కింద వయసు 59 ఏళ్ల 2 నెలలు అని వేశారు. జనవరి 23 నుంచి మార్చి 23 దాకా నేను వేళ్ల మీద లెక్కపెట్టి చూశాను. ఒక్క రోజు కూడా తేడా లేదు.